ముందు రేకులు, నేల, ఆడపిల్లల గది

వచ్చే ఏడాది అమెరికాలోని మన సంఘం చేపట్టబోయే పెద్ద పనుల్లో ఒకటి, అనంతపురం వైపు ఒక విశ్వవిద్యాలయంలోని పాత ఇండోర్ స్టేడియాన్ని దాతల సాయంతో బాగుచేయించడం. కార్యవర్గంలో ఎక్కువమంది సుముఖంగా ఉన్నారు. నేనూ గట్టిగా ఆ పక్షమే. కానీ మా అందరికీ పంపిన ప్రతిపాదనలో మొదటి పేజీ నిండా ముఖద్వారం, గ్రానైట్ ఫలకం, ఎంత ఇస్తే ఎవరి పేరు ఎక్కడ చెక్కిస్తారనే పట్టికే ఉంది. కప్పు రేకుల మాట మూడో పేజీలో వస్తుంది. ఆడపిల్లల బాత్రూం మాట ఎక్కడా లేదు. బాగుచేశాక ఆ హాలును నడిపే ఖర్చు ఎవరిదో కూడా రాయలేదు. ఈ వరసను పూర్తిగా తిరగేస్తే తప్ప ఒక్క డాలరు కూడా పంపకూడదని నా అభిప్రాయం.

మొన్న డిసెంబరులో ఊరికి వెళ్ళినప్పుడు ఆ హాలు చూసి వచ్చాను. అక్కడి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ నాకంటే చిన్నవాడు, మా తర్వాత అదే క్యాంపస్‌లో చదివినవాడు. పొద్దున్నే తాళం తీసి దగ్గరుండి చూపించాడు. టేకు చెక్క నేల. వేసినవాళ్ళు శ్రద్ధగానే వేశారు. ఉత్తరం మూలన మాత్రం రేకుల సందుల్లోంచి వాన నీళ్ళు కారీ కారీ పలకలు ఉబ్బిపోయాయి. రెండు పలకల మధ్య వేలు దూరేంత సందు. కొన్ని చోట్ల స్క్రూ తలలు పైకి తేలి చేతికి తగులుతున్నాయి. "వానొస్తే ఆట ఆపేస్తామన్నా. ఇక్కడ కాలు పడితే పిల్లోళ్ళ మోకాలు పోతాది" అన్నాడు. రెండేళ్ళుగా ఆ మూల కోర్టును వాడటం లేదట. నేల తుడవడానికి వచ్చే మనిషి బకెట్ నీళ్ళలో ఫినాయిల్ కలిపి మామూలు గచ్చును తుడిచినట్టే తుడుస్తోంది. చెక్క నేలను పొడి మాప్‌తోనే తుడవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మాప్ కొనడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు.

అక్కడే కబడ్డీ ఆడే ఒక అమ్మాయితో మాట్లాడాను. కళ్యాణదుర్గం వైపు పల్లె. ఇంటర్ యూనివర్సిటీ సౌత్ జోన్ జట్టు సెలక్షన్స్ కోసం రోజూ పొద్దున రెండు గంటలు ప్రాక్టీసు చేస్తోంది. బట్టలు మార్చుకునే గది ఉంది కదా అని అడిగాను. ఉంది, కానీ అందులో విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు, ఒక ట్రెడ్‌మిల్ పడేసి తాళం వేశారు. "హాస్టల్లోనే డ్రెస్ మార్చుకొని వస్తాం సార్. ఇక్కడున్నంతసేపూ నీళ్ళు తాగం. తాగితే మళ్ళీ హాస్టల్ దాకా పోవాల" అంది. ఎంతో మామూలుగా చెప్పింది, అదేం పెద్ద విషయం కానట్టు. అనంతపురం ఎండల్లో, రేకుల కప్పు కింద, రెండు గంటలు కబడ్డీ ఆడే ఇరవై ఏళ్ళ పిల్ల బాత్రూం లేక నీళ్ళు మానేస్తోంది. ఇది తెలిశాక కూడా మనం ముందు ముఖద్వారం గురించి మాట్లాడుకుంటే అది తప్పు.

మనలో చాలామంది ఆడపిల్లలు ఇక్కడ స్కూళ్ళలో సాకర్, వాలీబాల్, టెన్నిస్ ఆడుతున్నారు. వాళ్ళకు లాకర్ రూమ్ ఉందా లేదా అని మనం ఎప్పుడూ ఆలోచించం, ఉంటుంది కాబట్టి. అది ఊరికే రాలేదు. 1972లో అమెరికాలో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రకారం కేంద్ర నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదు. ఆటల విషయంలో ఆ సమానతను కొలిచేటప్పుడు లాకర్ రూములు, ప్రాక్టీసు వసతులు కూడా లెక్కలోకి వస్తాయి. అంటే చట్టం పెట్టి మరీ తెచ్చుకున్న సౌకర్యం అది. మన డబ్బుతో మన ఊళ్ళో జరిగే పనికి అదే షరతు మనమే పెట్టుకోవచ్చు. అందుకు ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేదు.

బాగుచేయడం అంటే రంగులు వేయించడం అనుకునేవాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను. షటిల్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉంటుంది. కోర్టు సరిగ్గానే గీసినా, దాని నడినెత్తిన దీపాలు బిగిస్తే తలెత్తిన ఆటగాడికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. దీపాలు పక్కల నుంచి పడాలి. గోడలకు తెలుపో క్రీమ్ రంగో వేస్తే తెల్లటి కాక్ ఆ గోడలో కలిసిపోయి కనపడదు. కోర్టు వెనక గోడకు ముదురు ఆకుపచ్చో నీలమో వేయాలి. ఆటలు తెలియని కాంట్రాక్టర్ ఈ రెండూ తప్పు చేస్తాడు, ఫోటోలో మాత్రం హాలు మెరిసిపోతుంది. ఇప్పుడున్న పాత మెటల్ హాలైడ్ దీపాలు ఒకసారి కరెంటు పోయి వస్తే వెంటనే వెలగవు. అవి చల్లారి మళ్ళీ రాజుకోవడానికి పది నిమిషాల దాకా పడుతుంది. మ్యాచ్ నడుస్తుండగా రెండుసార్లు కరెంటు పోతే ఇక ఆట సాగినట్టే. ఎల్ఈడీలు పెడితే ఆ బాధ పోతుంది, బిల్లూ తగ్గుతుంది. రేకుల కింద వేడిని ఆపే పొర ఒకటి, పైన గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు కొన్ని వేయిస్తే ఏప్రిల్, మే నెలల్లో కూడా ఎనిమిది దాటాక లోపల ఉండగలుగుతారు. ఇప్పుడు ఏడున్నరకే పిల్లలు బయటికి వచ్చేస్తున్నారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన దగ్గర ఇండోర్ స్టేడియం అంటే ఆటలకు మాత్రమే అని ఎవరూ అనుకోరు. జవాబు పత్రాలు దిద్దాలన్నా, పరీక్షలకు బల్లలు చాలకపోయినా, సభ పెట్టాలన్నా, ఎన్నికల సామగ్రి దాచాలన్నా ముందు అందరి చూపూ దాని మీదే పడుతుంది. ఇనుప బల్లలు ఈడ్చిన గీతలు ఆ టేకు నేల పొడవునా ఉన్నాయి. అధికారులది తప్పని నేను అనను, అంత పెద్ద కప్పున్న చోటు ఊళ్ళో ఇంకెక్కడుంది? కానీ కొత్త నేల వేయించి ఇచ్చేటప్పుడు, దాని మీద బల్లలు వేయాల్సి వస్తే ముందు రక్షణ మ్యాట్ పరచాలనీ, పాడైతే వాడుకున్న శాఖే బాగుచేయించాలనీ ఒప్పందంలో రాసుకోవాలి. వీసీ మారినా, రిజిస్ట్రార్ మారినా ఆ మాట నిలబడేలా పాలకమండలి తీర్మానం చేయించాలి. నోటి మాట మీద వెళ్ళకూడదు.

మన జిల్లాకు బయటి సాయంతో ఆటలు నడిపిన అనుభవం ఉంది. 1969లో స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు), ఊరి పక్కనే స్పోర్ట్స్ విలేజ్ పెట్టింది. 2010లో అక్కడే రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ కేంద్రం తెరిచింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఆ మైదానంలో జరిగాయి. అనంతపురం పేరు టీవీల్లో వినపడినందుకు మనమంతా సంతోషించాం. అయితే అక్కడికి వెళ్ళి చూస్తే నాకు మైదానం కంటే ముందు కనపడింది దాన్ని పట్టించుకునే మనుషులు. గడ్డి కత్తిరించే మనిషి ఉన్నాడు, నీళ్ళు పెట్టే మనిషి ఉన్నాడు, కోచ్ వేళకు వస్తాడు, పిల్లల హాజరు రాస్తారు. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని పేరు మోసిన చోట ఆ పచ్చదనం రోజువారీ పని వల్లే నిలిచింది.

కడపలోని సీపీ బ్రౌన్ గ్రంథాలయం నాకు ఇంకా దగ్గరి ఉదాహరణ. బ్రౌన్ దొర ఉన్న బంగళా శిథిలమై మొండి గోడలు మిగిలిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగినంత పని చేసి విరాళాలు పోగుచేశారు. ఆ స్థలంలోనే గ్రంథాలయం లేచింది. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళింది. ఇక్కడ గమనించాల్సింది, జనం కట్టారు, విశ్వవిద్యాలయం అందుకుంది, ఈనాటికీ పరిశోధకులు వెళ్ళి చదువుకుంటున్నారు. కోటీశ్వరుడు ఒక్కడు దొరికేదాకా ఆయన ఆగి ఉంటే ఆ గోడలు కూడా మిగిలేవి కావు. మన సంఘంలో కూడా పెద్ద మొత్తం ఇచ్చే పదిమంది చుట్టూ ఈ పని తిప్పకుండా, యాభై డాలర్లు ఇవ్వగల కుర్ర ఇంజినీరుకూ చోటివ్వాలి. నిన్నమొన్న హాస్టల్లో ఉండి వచ్చినవాడికి ఆ హాలు మీద మనకంటే ఎక్కువ ప్రేమ ఉంటుంది.

ఇక పేర్ల సంగతి. దాత పేరు ఉండకూడదని నేను అనడం లేదు. కష్టపడి సంపాదించి ఇచ్చేవాళ్ళకు ఆ గౌరవం దక్కాలి, లోపలి గోడ మీద అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో రాయిద్దాం. కానీ హాలుకు మాత్రం దాత పేరు వద్దు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1940లో కట్టిన బాస్కెట్‌బాల్ హాలు ఉంది. దాన్ని కూల్చి కొత్తది కట్టకుండా మళ్ళీ మళ్ళీ బాగుచేసుకుంటూ ఈనాటికీ వాడుతున్నారు. 9,314 సీట్లు. ఆ హాలుకు ఉన్నది ఎడ్డీ కామెరాన్ అనే కోచ్ పేరు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో 1955లో తెరిచిన ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌కు కూడా కోచ్ పేరే పెట్టారు. పొద్దున ఐదింటికి వచ్చి, సున్నంతో గీతలు గీసి, టీఏ డీఏ రాకపోతే సొంత డబ్బుతో పిల్లల్ని పోటీలకు తీసుకెళ్ళిన పీడీలు మన క్యాంపస్‌లో తరతరాలుగా ఉన్నారు. వాళ్ళలో ఒకరి పేరు ఆ హాలుకు పెడితే నేను నా వాటా రెట్టింపు చేస్తాను.

నడిపే ఖర్చు మాటకు వస్తాను. ఇది లేకుండా చేసే సాయం, బోరు వేయించి మోటారు బిగించకుండా వదిలేయడమే. వసూలైన దాంట్లో నాలుగో వంతు ముట్టుకోకుండా డిపాజిట్ వేయాలని నా ప్రతిపాదన. కోటి రూపాయలు వస్తే 25 లక్షలు పక్కన పెడతాం. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 1,75,000 రూపాయలు. దాంతో నేల శుభ్రం చేసే మనిషికి కొంత జీతం, మాప్‌లు, మాడిన దీపాలు, వానలకు ముందు రేకుల సందులకు సీలెంట్, బాత్రూం కొళాయిలు గడిచిపోతాయి. ముఖద్వారం లేకపోయినా ఎవరూ ఆట మానరు. ఈ డబ్బు లేకపోతే ఐదేళ్ళలో మళ్ళీ అదే మూలన బకెట్లు పెట్టాల్సి వస్తుంది.

డబ్బు పంపే దారి కూడా ముందే తేల్చుకోవాలి, తర్వాత టెన్షన్ పడి లాభం లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు మాత్రం, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకిచ్చే) కార్డు చేతిలో ఉన్నా సరే, భారత విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ళ డబ్బు తీసుకోవాలంటే అవతలి సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో, మినహాయింపో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక ట్రస్టుకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. కాబట్టి "మా బావమరిది ట్రస్టుకు పంపుదాం, వాళ్ళు విశ్వవిద్యాలయానికి ఇస్తారు" అనే మాట ఇక వద్దు. ఇక్కడ పన్ను మినహాయింపు కావాలంటే నేరుగా అక్కడి విశ్వవిద్యాలయానికి ఇస్తే రాదు, ఇక్కడ లాభాపేక్ష లేని సేవా సంస్థగా 501(సి)(3) గుర్తింపు ఉన్న సంస్థకే ఇవ్వాలి. ఈ మూడు దారుల్లో మన సభ్యులు ఎవరెవరు ఎటు వస్తారో ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో రాయించి అందరికీ పంపాలి. భారత కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. క్రీడా శిక్షణ ఆ జాబితాలో ఉంది. కోచ్ జీతం కోసం సీమలోని సిమెంటు కంపెనీలను, కార్ల కంపెనీని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా అని ఒక పెద్దాయన ఫోన్‌లో అడిగారు. నిజమే, చేయాల్సిందే. ఖేలో ఇండియా లాంటి పథకాలకు విశ్వవిద్యాలయం దరఖాస్తు పెట్టాలి, మనం అడిగి పెట్టించాలి. కానీ ఈ ఏడాది చేరిన పిల్లకు ఆ చదువు రెండేళ్ళే. ఫైలు కదిలేలోపు ఆమె క్యాంపస్ దాటి వెళ్ళిపోతుంది. ఆ డబ్బుతో స్కాలర్‌షిప్పులు ఇవ్వచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇస్తూనే ఉంది, ఇస్తూనే ఉండాలి. అయితే ఆ హాలులోకి వచ్చేది ఎవరో ఒకసారి చూడండి. సీమ పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలే ఎక్కువ. వాళ్ళలో సగంమంది కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తూ, చీకటితో హైవే పక్కన లారీల మధ్య పరిగెడుతున్నారు. ఆటల కోటాలో సీటో, ఉద్యోగమో వస్తే ఆ ఇంటి పరిస్థితే మారుతుంది. వాళ్ళకు ఆట కాలక్షేపం కాదు.

అనంతపురంలో గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. రేకుల పని ఆగస్టులోపు పూర్తికాకపోతే కొత్త చెక్క నేల వేయడం ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. వేసవి సెలవుల్లో పని జరగాలంటే విశ్వవిద్యాలయంతో ఒప్పందం మార్చిలోగా కుదరాలి. అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదనకు నాలుగు సవరణలు పెడుతున్నాను: ఆడపిల్లల గది, బాత్రూం మొదటి బిల్లులోనే రావాలి, రేకులు దాని వెంటనే, నాలుగో వంతు డిపాజిట్‌కు, ముఖద్వారం ఏమైనా మిగిలితేనే. వీటితో ఏకీభవించేవాళ్ళు ఆ రోజు హాజరై ఓటు వేయండి, రాలేనివాళ్ళు ప్రాక్సీ కాగితం కార్యదర్శికి ముందే పంపండి.