‘బాగుంది’ నుంచి ‘బాగుందట’ దాకా

సోమవారం పొద్దున ఆఫీసు క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని నిలబడితే చాలు, శుక్రవారం వచ్చిన సినిమా గురించి నాలుగు మాటలు చెవిన పడతాయి. ఈ మధ్య ఆ మాటల చివర ఒక చిన్న అక్షరం నాకు తెగ వినిపిస్తోంది. ‘సెకండాఫ్ ల్యాగట’, ‘బీజీఎం అదిరిపోయిందట’, ‘హీరోయిన్‌కి స్కోపే లేదట’. అంత నమ్మకంగా చెబుతున్న కుర్రాణ్ని ‘నువ్వు చూశావా?’ అని అడిగాను. ‘లేదన్నా, టాక్ బాలేదుగా. ఓటీటీలో వచ్చాక చూద్దాం’ అన్నాడు.

ఆ ‘ట’ నిజానికి చాలా నిజాయితీ గల అక్షరం. కళ్లారా చూసినదాన్నీ, ఎవరో చెప్పగా విన్నదాన్నీ మన భాష దానితోనే వేరు చేస్తుంది. తప్పు ఆ అక్షరానిది కాదు. సినిమా కబుర్లలో ‘బాగుంది’ అనేవాళ్లు తగ్గిపోయి ‘బాగుందట’ అనేవాళ్లు పెరిగిపోయారన్నదే నా బాధ. సినిమా చూసొచ్చినవాళ్లు కూడా తమకేమనిపించిందో చెప్పడం మానేసి, బయట ఏమనుకుంటున్నారో చెబుతున్నారు.

2023 మార్చిలో ‘బలగం’ వచ్చింది. దర్శకుడిగా వేణు ఎల్దండికి అదే మొదటి సినిమా. ఇంటి పెద్దాయన పోయాక పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. కథంతా దాని చుట్టూనే. మూడు వారాలకే ఓటీటీలోకి వచ్చేసింది. అయినా తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి, ఊరంతా కింద కూర్చుని చూశారు. మా ఊళ్లోనూ వేశారు. మర్నాడు మా పెద్దమ్మకు ఫోన్ చేసి ‘సినిమా బాగుందా పెద్దమ్మా?’ అని అడిగాను.

‘బాగుందో లేదో నాకేమెరుక బిడ్డా’ అంది. ‘మీ పెద్దబాపు దినాలప్పుడు గూడ పిట్ట శానసేపు ముట్టలే. మీ బాపు దండం పెట్టి, అన్నా, ఆ పొలం పంచాది నేను ఇడిసిపెడుతున్న అన్నంక వచ్చి ముట్టింది. అది యాదికొచ్చి రాత్రంత నిద్ర పట్టలే.’

మా బాపు ఆ మాట అన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. పెద్దమ్మ చెప్పినదాంట్లో స్క్రీన్‌ప్లే లేదు, ఎడిటింగ్ లేదు, నటన ఎలా ఉందో కూడా లేదు. కానీ ఆ సినిమా ఏం చేయగలదో నాకు అంత సూటిగా ఏ రివ్యూ చెప్పలేదు. ఆ ఆదివారమే కూర్చుని చూశాను. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాట ఎత్తుకున్నప్పుడు నేను తెర మీది మనుషుల్ని చూడలేదు, మా ఇంటి వాకిట్లో దండం పెట్టిన మా బాపును చూశాను.

మామూలు ప్రేక్షకుడి అభిప్రాయం విలువ ఇదే. అది తీర్పు కానక్కర్లేదు, సాక్ష్యం అయితే చాలు. ఫలానా చోట నాకు నవ్వొచ్చింది, ఫలానా సీన్లో ఫోన్ చూసుకున్నాను, మా నాన్న మాత్రం కళ్లు తుడుచుకున్నాడు అని చెబితే వినేవాడికి ఒక మనిషి కనిపిస్తాడు. ఆ మనిషి ఇష్టాలు తనకు తెలుసు కాబట్టి, దాన్నిబట్టి వెళ్లాలో వద్దో తేల్చుకుంటాడు. ‘రెండుముప్పావు రేటింగ్’ అంటే ఏం తెలుస్తుంది? ఎవరికి రెండుముప్పావు?

దీనికి తోడు మరో మార్పు వచ్చింది. ఒకప్పుడు డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో వినిపించే మాటలు ఇప్పుడు ఇంటర్ పిల్లల నోట వస్తున్నాయి. నైజాం (తెలంగాణ) షేర్, అంటే డిస్ట్రిబ్యూటర్ వాటా ఎంత, సీడెడ్‌లో (రాయలసీమలో) ఎంతకు అమ్మారు, ఓవర్సీస్‌లో బ్రేక్ ఈవెన్ అయిందా, అంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా. పాత రోజుల్లోనూ అభిమానులు లెక్కలు వేసుకునేవాళ్లు. మా వీధిలో వంద రోజుల సెంటర్లు ఎన్ననే దాని మీద కొట్టుకున్నంత పని చేసేవాళ్లం. కాకపోతే ఆ లెక్క తేలడానికి వంద రోజులు పట్టేది. ఈలోపు సినిమా గురించి మాట్లాడుకోవడానికి బోలెడంత టైమ్ ఉండేది.

ఇప్పుడు ఆ టైమే లేదు. శుక్రవారం సినిమా అయితే అమెరికాలో గురువారం సాయంత్రమే ప్రీమియర్ పడుతుంది. మనకది శుక్రవారం తెల్లవారుజాము. ఇక్కడ మనం పళ్లు తోముకునేసరికి టాక్ వచ్చేసి ఉంటుంది. ఒకేసారి వీలైనన్ని స్క్రీన్లలో వేసి, మొదటి మూడు నాలుగు రోజుల్లోనే డబ్బు రాబట్టుకోవాలన్నది నేటి వ్యాపారం. పైగా వెనకాల ఓటీటీ గడువు తరుముతుంటుంది. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేసి మరీ చర్చించుకున్న విషయాల్లో ఇదీ ఒకటి. థియేటర్‌కీ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల గడువు ఉండాలనుకున్నారు. ఆ తర్వాత కూడా నాలుగు వారాలకే ఇంటికొచ్చిన సినిమాలు ఎన్నో. నెల తిరక్కుండా ఇంట్లో చూడొచ్చని తెలిసినప్పుడు, నేను చెప్పిన ఆ కుర్రాడు టాక్ విని ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

టికెట్ ధర సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ బెనిఫిట్ షోలకు మామూలు ధర మీద అదనంగా 800 రూపాయలు పెంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. నేను ఆ సినిమా బాగోగుల జోలికి పోవడం లేదు. టికెట్‌కి వెయ్యి దాటి పెట్టినవాడు ‘పర్లేదు, ఒకసారి చూడొచ్చు’ అని బయటికి రాగలడా? అంత డబ్బు పెట్టాక అయితే ‘బ్లాక్‌బస్టర్’ అనాలి, లేదంటే ‘డిజాస్టర్’ అనాలి. గేటు దాటగానే ఎదురుగా మైకులు. ఇంకా కథ తలకెక్కకముందే నోరు తెరవాలి.

నిజానికి ‘ఒకసారి చూడొచ్చు’ అనేది తెలుగువాళ్ల నోట వచ్చే మంచి మాటల్లో ఒకటి. మనం చూసే సినిమాల్లో ఎక్కువ భాగం అలాంటివే. రెండు పాటలు, కమెడియన్ ట్రాక్ ఒకటి, అమ్మ పాత్ర చేసినావిడ ఒక్క సీన్లో గుండె పిండేయడం, మిగతాదంతా సోసో. ఆ నాలుగు సంగతులు చెబితే ఆ సినిమాకు న్యాయం జరిగినట్టే. ఇప్పుడు ఆ మాటను అభిమానులు తిట్టుగా తీసుకుంటున్నారు. ‘మా హీరో సినిమా ఒకసారి చూడొచ్చా?’ అని పోస్టు కింద కామెంట్లలో గొడవ మొదలవుతుంది. ఆ గొడవకు భయపడి, నిజంగా చూసినవాడు నోరు మూసుకుంటాడు. మిగిలేది చూడనివాళ్ల కేకలే.

నేనూ అలా నోరు మూసుకున్నవాణ్నే. 2010 అక్టోబర్‌లో ‘ఖలేజా’ను మొదటి వారంలోనే చూశాను. చాలా నచ్చింది. మహేశ్ బాబు అంత తేలిగ్గా, అంత సరదాగా ఉండటం నాకు కొత్తగా అనిపించింది. హాస్టల్‌కి వచ్చేసరికి కారిడార్ అంతా ‘పోయిందట’ అంటోంది. ఎలా ఉందని రూమ్‌లో అడిగితే ‘యావరేజ్’ అన్నాను. నాకు నచ్చిందని చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆ తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేసినా జనం చూశారు, డైలాగులు నోటికొచ్చేశాయి. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయి. నేనూ వెళ్లాను. పక్క సీటు కుర్రాడు ‘ఇది అప్పుడెందుకు ఆడలేదన్నా?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆడకపోవడానికి నా ఒక్కడి మాటే కారణమని కాదు. నేను చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు, అంతే.

ఈ గోలంతా చూసి కొందరు నిర్మాతలు అసలు నోళ్లే కట్టేద్దామంటున్నారు. ఒక భారీ సినిమాకు మొదటి రోజు నుంచే వ్యతిరేక రివ్యూలు వచ్చాక, విడుదలైన మూడు రోజుల పాటు ఆన్‌లైన్ రివ్యూలు ఆపాలంటూ తమిళ నిర్మాతలు 2024 చివర్లో మద్రాస్ హైకోర్టుకు వెళ్లారు. విమర్శ కూడా భావప్రకటన స్వేచ్ఛే కదా అంటూ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. అదే ఏడాది మార్చిలో కేరళ హైకోర్టులో అమికస్ క్యూరీ (కోర్టుకు సలహా ఇవ్వడానికి నియమితుడైన లాయర్), వ్లాగర్లు 48 గంటలు ఆగితే మేలని సూచించారు. నిర్మాతల కడుపుమంట నాకు అర్థమవుతుంది. రెండేళ్లు కష్టపడి తీసిన సినిమా భవిష్యత్తును ఇంటర్వెల్ కాకముందే ఎవడో తేల్చేస్తే ఎవరికైనా మండుతుంది. డబ్బులు తీసుకుని పొగిడేవాళ్లను, డబ్బులివ్వలేదని తిట్టేవాళ్లను పట్టుకోవాలంటే పట్టుకోండి, ఎవరూ కాదనరు. అయితే మూడు రోజుల నిషేధం ఆపేది టికెట్ కొని చూసినవాణ్నే. ‘అట, అట’ అనే వాట్సాప్ గ్రూపుల్ని ఏ కోర్టు ఆపగలదు? పోస్టర్ మీద తెలిసిన మొహం లేని చిన్న సినిమా బతికేది ఆ మూడు రోజుల్లో నలుగురు చెప్పుకునే మాట మీదే.

‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబర్ 7న వచ్చింది. విశాఖపట్నంలోని ఆ పేటలోనే తీసి, ఎనభై మందికి పైగా స్థానికులతోనే నటింపజేశారు వెంకటేశ్ మహా. పోస్టర్ చూసి నేను వెళ్లేవాణ్ని కాదు. శుక్రవారం రాత్రి మా రూమ్మేట్ మొదటి షో చూసొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్నాడు. ఎలా ఉందిరా అన్నాను. ‘చివర్లో ఒకటుంది. చెప్పను. చెబితే నీకు పోతుంది’ అన్నాడు. కాసేపాగి, ‘రేపు మార్నింగ్ షోకి పోదాం, టికెట్ నేనే తీస్తా, నేనూ మళ్లీ చూస్తా’ అన్నాడు.

పొద్దున్నే వెళ్లాం. ఆ చివరి పది నిమిషాలూ వాడు తెర వైపు చూడలేదు, నా మొహం చూస్తూ కూర్చున్నాడు.