90 రోజుల నిబంధన గారికి, నమస్కరించి

మహారాజశ్రీ పాస్‌వర్డ్ మార్పు నిబంధన గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే కూర్చున్నాను. ఉభయుల్లో తమరొక్కరే కుశలం కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం రెండింటికి జీతం స్లిప్పు ఒకటి కావలసివచ్చి ఆఫీసు పోర్టల్ తెరిచాను. రెండు నిమిషాల పని. తమరు ఎదురొచ్చి ‘మీ పాస్‌వర్డ్ గడువు ముగిసింది’ అని సెలవిచ్చారు. ఎప్పుడూ ఉండే తంతే కదా అని చివర 26 తీసేసి 27 పెట్టాను. పాతదానికి మరీ దగ్గరగా ఉందన్నారు. ఇన్నేళ్లూ లేని పట్టింపు నిన్ననే పుట్టుకొచ్చింది. పోనీ అని బుర్ర గోక్కుని కొత్త మాట ఒకటి కనిపెట్టాను. పెద్దక్షరం లేదన్నారు, పెట్టాను. అంకె ఏదన్నారు, ఇచ్చాను. ప్రత్యేక గుర్తు కావాలన్నారు. ఆశ్చర్యార్థకం పెడితే చెల్లదన్నారు. ఏది చెల్లుతుందో మాత్రం చెప్పరు. చుక్క, గీత, నక్షత్రం వరసగా సమర్పించుకున్నాను. చివరికి ఖాతాకే తాళం వేశారు. ఐదున్నరకి కుర్చీలోంచి లేచాను. స్లిప్పు రాలేదు.

తమకు తెలియకుండా దాచిందేమీ లేదు గనక ఇక ఒప్పేసుకుంటాను. ఆరేళ్లు దాటింది, నా పాస్‌వర్డ్ ఒక్కసారీ మారలేదు. మారిందల్లా తోకే. పాత డైరీ ఆఖరి పేజీలో పైన ఆ మాట ఒక్కసారి రాసుంటుంది, దాని కింద అంకెలు. 1 కొట్టేసి 2, 2 కొట్టేసి 3. 19 మీదే 20 దిద్దబోయిన చోట కాగితానికి చిల్లు పడింది. 22 దగ్గర పెన్ను రాయక ఉత్త గాడి మిగిలింది, ఏటవాలుగా పట్టుకుని వెలుగులో చూస్తే తప్ప కనపడదు. ఆ డైరీ మా ఇంట్లో ఎక్కడుంటుందో పాలవాడికి కూడా తెలుసు. తమరు నాకు కల్పించిన భద్రత ఇదీ.

నేనొక్కణ్నే బద్ధకస్తుణ్ననుకునేరు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ పుణ్యాన పాతబడిపోయిన ఏడు వేలకు పైగా ఖాతాల పాస్‌వర్డ్‌లు ముందేసుకుని, పాతది తెలిస్తే కొత్తది పట్టుకోగలమా అని 2010లో లెక్కగట్టారు. 17 శాతం ఖాతాల్లో అయిదు ప్రయత్నాల్లోపే దొరికిపోయింది. కంప్యూటర్‌కి కొన్ని సెకన్లు ఊపిరి తీసుకోనిస్తే 41 శాతం. అంటే తోకలు మార్చుకుంటూ బతికేవాళ్లం లోకమంతా ఉన్నాం. ఆ సంగతి దొంగలకి ఎప్పుడో తెలుసు, తెలియనిది తమకే.

ఇక తమ పుట్టుపూర్వోత్తరాలు. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఆయన ఒక మార్గదర్శక పత్రం రాశారు. ఈ పెద్దక్షరాలు, గుర్తులు, గడువులు ఊరూరా పాకింది దానివల్లే. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే రిటైరయ్యాక 2017లో, అప్పుడు చేసినదానికి చాలామటుకు ఇప్పుడు చింతిస్తున్నానని ఒక పత్రికతో తానే అన్నారు. అదే ఏడాది నిస్ట్ కూడా, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించొద్దని తిరగరాసింది. కన్నతండ్రి చెంపలేసుకున్నాడు, పుట్టినిల్లు గెంటేసింది. అయినా మా ఆఫీసు పోర్టల్‌లో తమరు దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

తమ చుట్టపక్కాలకీ నా నమస్కారాలు అందజేయండి. ముఖ్యంగా పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లని ‘మీరు చదివిన మొదటి బడి పేరేమిటి’ అని గుసగుసగా అడిగే భద్రతా ప్రశ్న గారికి. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ ఈమెయిల్‌లోకి ఒక కుర్రాడు దూరింది ఇలాంటి ప్రశ్నలకు ఇంటర్నెట్‌లో జవాబులు వెతుక్కునే. ట్రాఫిక్ లైటు స్తంభం కూడా ట్రాఫిక్ లైటు కిందికే వస్తుందో రాదో తేల్చకుండానే, బొమ్మలు చూపించి నువ్వు మనిషివేనా అని నిలదీసే క్యాప్చా గారి మీద విడిగా రాస్తాను.

నన్ను నక్షత్రం చాలదు, డాలరు చాలదు అని ఏడిపిస్తారే, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సంగతి విన్నారా? 2014లో ఫ్రాన్స్ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ తనిఖీ చేస్తే, అక్కడి నిఘా కెమెరాల సర్వర్‌కి పాస్‌వర్డ్ ‘లూవ్ర్’ అట. 2025 అక్టోబరులో అక్కడ నగలు పోయాక గానీ ఆ ముచ్చట పత్రికలకెక్కలేదు. దొంగలు పాస్‌వర్డ్ జోలికే పోలేదనుకోండి. లారీకి బిగించిన నిచ్చెనెక్కి, పట్టపగలు, కిటికీ కోసుకుని వెళ్లారు. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని.

ఇదంతా నవ్వుకునే బాపతు. నవ్వు రానిది అమెరికాలోని హవాయి రాష్ట్రం సంగతి. 2018 జనవరి 13 ఉదయం 8.07కి అక్కడ ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్లు కాదు అని. రాష్ట్ర అత్యవసర హెచ్చరికల సంస్థ ఉద్యోగి పొరపాటున పంపిన హెచ్చరిక అది. తప్పుడు కబురని రెండు నిమిషాల్లోనే గవర్నర్ డేవిడ్ ఈగేకి తెలిసింది. ఆయన ట్వీటు మాత్రం 8.24కి పడింది. ట్విట్టర్ లాగిన్, పాస్‌వర్డ్ తనకు తెలియవని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. ఫోన్లకి దిద్దుబాటు సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఈలోపు జనం పిల్లల్ని స్నానాల తొట్టెల్లో దాచారు. మరోపక్క, ఆ హెచ్చరికల సంస్థలోనే 2017లో తీసిన పత్రికా ఫొటోలో కంప్యూటర్‌కి అంటించిన పసుపుచీటీ మీద పాస్‌వర్డ్ శుభ్రంగా చదవొచ్చు.

కావలసినవాడికి గుర్తుండదు, అక్కర్లేనివాడికి గోడ మీద కనపడుతుంది. ఆ గవర్నరు ఖాతాకి గడువు పెట్టింది నువ్వు కాదు, నాకూ తెలుసు. కానీ మనిషన్నవాడికి ఇది గుర్తుండదు, చీటీ రాసుకోక తప్పదు అనే చోటికి మమ్మల్ని తెచ్చింది నువ్వూ నీ వంశమే. పైగా ప్రతి ఆఫీసులో ‘పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోరాదు’ అని బోర్డొకటి! సిగ్గుండాలి. ఆరేళ్లలో నా ఖాతాలోకి రాకుండా నువ్వు ఆపిన మనిషి ఒక్కడే. వాణ్ని నేనే.

క్షమించండి, కాస్త నోరు జారాను.

ఈ పూట సహాయ విభాగానికి ఫోన్ చేశాను. ఎత్తినాయన చాలా మంచివాడు, తాత్కాలిక పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాడు. సులువుగానే ఉందే అన్నాను. ‘అందరికీ అదే ఇస్తామండీ’ అన్నాడు. దాంతో లోపలికి వెళ్లగానే మళ్లీ కొత్తది పెట్టుకోమన్నారు తమరు. డైరీ తెరిచి, 26 కొట్టేసి, పక్కన ఎర్ర పెన్నుతో 27 రాసుకుని, నిన్న తమరు ఛీ కొట్టిన ఆ పాస్‌వర్డే ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాను.

‘చాలా బలమైన పాస్‌వర్డ్’ అని పచ్చరంగు గీత చూపించారు.

ఇట్లు,
తమ విధేయుడు,
27