ఇంట్లో బీరు కాచాలనుకుంటే ముందు ఒక్క గాలనే కాచండి

ఇంట్లో బీరు తయారుచేయాలన్న సరదా పుట్టగానే ఎవరైనా చేసే మొదటి పని షాపింగ్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని, గరాజ్‌లో కాస్త ఖాళీ జాగా మిగిలిన మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళయితే మరీను. పది గాలన్ల స్టీల్ కెటిల్, కాచింది చల్లార్చడానికి రాగి గొట్టం చుట్టిన చిల్లర్, పంపు, యాప్‌తో నడిచే ఎలక్ట్రిక్ మెషిన్, అన్నీ డబ్బాల్లో వచ్చి దిగుతాయి. తీరా బీరు పులిసే నాలుగు రోజులు ఆ బకెట్‌ని ఇంట్లో ఏ మూల, ఎంత వేడిలో పెట్టాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. మొదటి బ్యాచ్ నెయిల్ పాలిష్ వాసన కొడుతుంది, రెండోది మందుల షాపులా ఉంటుంది, మూడోది ఇక కాయరు. ఆ కెటిల్ పాట్‌లక్‌లకి సాంబారు కాచుకోవడానికి పనికొస్తుందనుకోండి, అది వేరే విషయం.

అమెరికాలో స్టార్టర్ కిట్లు ఎక్కువగా ఐదు గాలన్ల లెక్కలో అమ్ముతారు. అంటే సుమారు 19 లీటర్లు, యాభై దాకా సీసాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇది తప్పు సైజు అని నా వాదన. ఒక గాలన్‌తో మొదలుపెడితే ఖర్చు తగ్గుతుందని చాలామంది చెప్తారు, తగ్గుతుంది కూడా, కానీ నా అసలు కారణం అది కాదు. బీరులో కష్టమైన పని పులియబెట్టేటప్పుడు వేడిని అదుపులో ఉంచడం, ఆ అదుపు చిన్న బకెట్ మీద సులువుగా దొరుకుతుంది.

ఎందుకో చెప్పాలంటే బీరు ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడిగాలికి ఎండబెడితే మాల్ట్. ఆ మాల్ట్‌ని మరపట్టి 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్ళలో గంటసేపు నానబెడితే గింజలోని ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేస్తాయి. ఆ తియ్యటి నీళ్ళని వర్ట్ అంటారు. దాన్ని హాప్స్‌తో, అంటే చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలతో, కలిపి గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తే, చక్కెర తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. కొత్తవాళ్ళకి మాల్ట్ నానబెట్టే పని కూడా అక్కర్లేదు, ఆ చక్కెర నీళ్ళని ఆరబెట్టి పొడిగా అమ్ముతున్నారు, దాన్నే డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. ఎక్స్‌ట్రాక్ట్‌తో కాస్తే అది అసలు బ్రూయింగే కాదని ముఖం చిట్లించే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళని పట్టించుకోకండి. ఎక్స్‌ట్రాక్ట్‌తో కాచి సరిగ్గా పులియబెట్టిన బీరు, గింజలతో కాచి ఎండాకాలం గరాజ్‌లో వదిలేసిన బీరుకంటే ఎన్నో రెట్లు నయం.

ఇంటి బీరు ఎక్కువగా పాడయ్యేది ఈస్ట్ పడ్డాకే. బీరులో ఏల్, లాగర్ అని రెండు పెద్ద రకాలు, వాటి ఈస్ట్‌లు వేరు. ఏల్ రకం ఈస్ట్, ఉదాహరణకి కొత్తవాళ్ళు ఎక్కువగా వాడే యూఎస్-05, 18 నుంచి 20 డిగ్రీల మధ్య శుభ్రంగా పనిచేస్తుంది. లాగర్ ఈస్ట్‌కి ఇంకా చల్లదనం కావాలి, పది పన్నెండు డిగ్రీలు, కాబట్టి కింగ్‌ఫిషర్ లాంటిది కాచాలన్న కోరికని కొన్నాళ్ళు అటకెక్కించండి. ఇక్కడ కిట్ డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయాల్సిన సంగతి ఒకటుంది: పులిసేటప్పుడు ఈస్టే వేడి పుట్టిస్తుంది. ఐదు గాలన్ల బకెట్‌లో, పొంగు మీదున్న రోజుల్లో, లోపలి వేడి గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది. టెక్సాస్‌లో ఏసీ 25 మీద పెట్టుకున్న ఇంట్లో ఆ బకెట్ లోపల 28, 29 నడుస్తుందన్నమాట. ఆ వేడిలో ఈస్ట్ పరుగులు పెట్టి ఘాటు ఆల్కహాల్స్‌నీ, ద్రావకం వాసన వేసే ఎస్టర్లనీ వదులుతుంది. తర్వాత నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టినా ఆ ఘాటు పోదు. అంతా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే తేలిపోతుంది.

చిన్న బకెట్‌లో ఈ సమస్య సగానికి సగం దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే నాలుగు లీటర్ల ద్రవం తన వేడిని గాలికి త్వరగా వదిలేస్తుంది. మిగతా సగానికి పిక్నిక్‌కి తీసుకెళ్ళే ఐస్ బాక్స్ చాలు: అందులో కొంచెం నీళ్ళు పోసి, బకెట్ నిలబెట్టి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి గడ్డకట్టిన నీళ్ళ సీసా పడేస్తుంటే 19 డిగ్రీల చుట్టుపక్కల నిలుస్తుంది. ఐదు గాలన్లకి ఇదే పని చేయాలంటే పాత ఫ్రిజ్ ఒకటి, దాని ప్లగ్‌కి టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి కావాలి. ఈ రుచి పట్టుకుని ఇందులోనే ఉండిపోయేవాళ్ళకి అది మంచి పెట్టుబడే, కెటిల్ కంటే ముందు కొనాల్సింది కూడా అదే, కానీ మొదటిరోజే ఎవరు కొంటారు?

చల్లదనం అసలు కుదరదు, గరాజ్ తప్ప వేరే చోటు లేదు అంటారా, దానికీ ఒక దారి ఉంది. నార్వే పల్లెల్లో ఇళ్ళల్లోనే తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ రకాలున్నాయి, అందులో వోస్ అనే రకం 35 డిగ్రీల పైన కూడా హాయిగా పనిచేసి, కాస్త నారింజ వాసనతో, కొద్ది రోజుల్లోనే బీరు చేతిలో పెడుతుంది. ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతోంది. టెక్సాస్, అరిజోనా ఎండల్లో ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

వేడి తర్వాతది శుభ్రత. మన కల్లుకి ఈ బాధ లేదు, చెట్టు నుంచి దిగుతూనే గాల్లో ఉన్నవీ కుండలో ఉన్నవీ అన్ని సూక్ష్మజీవులూ కలిసి పులియబెట్టేస్తాయి, పొద్దున దించింది సాయంత్రానికి పుల్లబడినా ఎవరూ ఏమీ అనుకోరు, ఎందుకంటే ఆలోపే తాగేస్తారు. బీరు సీసాలో నెలల తరబడి ఉండాలి, కాబట్టి మీరు పిలిచిన ఈస్ట్ తప్ప ఇంకేదీ లోపలికి రాకూడదు. కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు అన్నది కొత్తవాళ్ళకి ఎక్కించడం కష్టం. కంటికి కనిపించే మురికి పోయాక, వర్ట్ చల్లారిన దగ్గర్నుంచి దాన్ని తాకే ప్రతి వస్తువూ, గరిటె, గరాటు, మూత, ఈస్ట్ ప్యాకెట్ కోసే కత్తెర సహా, స్టార్ శాన్ లాంటి, సూక్ష్మజీవుల్ని చంపే ద్రావణంలో ఒకటి రెండు నిమిషాలు మునగాలి. కొలత ప్రకారం కలిపితే దాన్ని మళ్ళీ కడగక్కర్లేదు, నురుగు మిగిలినా ఫర్వాలేదు. డిష్ సోప్‌తో కడిగి టవల్‌తో తుడిచేసి శుభ్రమైపోయిందనుకునేవాళ్ళ బీరే రెండు వారాలకి వెనిగర్ దారి పడుతుంది. ఇక మందుల షాపు వాసన సంగతి: చాలాసార్లు అది కుళాయి నీళ్ళలోని క్లోరిన్, క్లోరమైన్‌ల పని. క్యాంప్‌డెన్ అనే సల్ఫైట్ మాత్ర చిన్న ముక్క నలిపి నీళ్ళలో కలిపితే అవి పోతాయి, లేదా ఒక గాలనే కాబట్టి షాపులో దొరికే మంచినీళ్ళ డబ్బా కొనేయండి.

కాచే రోజు పని నిజానికి వంట వచ్చినవాళ్ళకి లెక్కే కాదు. ఐదు లీటర్ల నీళ్ళు పొయ్యి మీద పెట్టి, వేడెక్కాక మంట ఆపి, 450 నుంచి 500 గ్రాముల లేత రంగు డ్రై ఎక్స్‌ట్రాక్ట్ ఉండకట్టకుండా కలిపి మళ్ళీ మరగనివ్వండి. మొదట్లోనే పొంగుతుంది, దగ్గరే నిలబడండి. మరుగు పట్టగానే ఏడు గ్రాముల కాస్కేడ్ రకం హాప్స్, అది చేదుకి. గంట పూర్తయ్యే ముందు ఐదు నిమిషాలు ఉందనగా ఇంకో ఏడు గ్రాములు, అది వాసనకి. సింక్‌లో ఐస్ నీళ్ళు నింపి గిన్నె దాంట్లో పెడితే అరగంటలో చల్లారిపోతుంది. అదే ఐదు గాలన్లయితే చిల్లర్ లేకుండా గంటలు పడుతుంది. మిగిలిన నాలుగు లీటర్లూ రెండు గాలన్ల ఫుడ్ గ్రేడ్ బకెట్‌లో పోసి, బాగా కుదిపి, 11.5 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్‌లో మూడో వంతు చల్లి, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని వదిలి, బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం) ఉన్న మూత పెట్టండి. ఇక రెండు వారాలు మూత తీయకండి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే, మూడోరోజు బుడగలు ఆగాయని టెన్షన్ పడి మూత తీసి చూస్తారు. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, వస్తున్నంత మాత్రాన అవుతున్నట్టూ కాదు.

నమ్మదగింది హైడ్రోమీటర్ ఒక్కటే, అది ద్రవం నీళ్ళకంటే ఎంత చిక్కనో చూపిస్తుంది (నీళ్ళు 1.000), చక్కెర తగ్గేకొద్దీ అంకె తగ్గుతుంది. ఈస్ట్ వేయకముందు 1.046 చూపించి, చివర్లో 1.010 దగ్గర రెండు మూడు రోజుల తేడాతో చూసినా కదలకుండా ఉంటే పులియడం పూర్తయినట్టు. రెండు అంకెల తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఇక్కడ 4.7. చిన్న బ్యాచ్‌కి ఇదొక్కటే నష్టం, ఒక్కో పరీక్షకి వంద మిల్లీలీటర్లకి తక్కువ కాకుండా పోతుంది, నాలుగు లీటర్లలో అది తెలుస్తుంది. అయినా చూడాల్సిందే. ఎందుకంటే సీసాల్లో పోసేముందు గ్యాస్ కోసం పాతిక గ్రాముల లోపు పంచదార కలుపుతాం, అప్పటికే బీరులో తినని చక్కెర మిగిలుంటే అది కూడా సీసాలోనే పులిసి సీసా పేలుతుంది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే గాజు ముక్కలు ఎగురుతాయి. బీరు కోసమే చేసిన మందపాటి గోధుమరంగు సీసాలు వాడండి. పారదర్శకంగా ఉన్నవాటిలో వెలుతురు తగిలి హాప్స్ కంపు కొడతాయి. మూత బిగించి రెండు వారాలు గది వేడిలో ఉంచితే తొమ్మిదో పదో సీసాలు తయారు.

పది సీసాలకి ఇంత శ్రమా అంటారు. ఒప్పుకుంటాను, యాభై సీసాలకీ పది సీసాలకీ పని గంటలు దాదాపు ఒకటే. కానీ ఘాటు వాసనేసే యాభై సీసాలని ఏం చేసుకుంటారు? స్నేహితులకి పంచితే వాళ్ళు మొహమాటానికి బావుందంటారు, మీకు ఏమీ తెలియదు. పది సీసాలయితే నెలలో అయిపోతాయి, ఈసారి ఒక్క ఈస్ట్ మార్చి, లేదా ఒక్క డిగ్రీ తగ్గించి మళ్ళీ కాచి తేడా చూడొచ్చు. ఇంకో మాట, ఎవరూ పైకి అనరు గానీ, ఇంట్లో యాభై సీసాలుంటే తాగడం పెరుగుతుంది. సొంతంగా చేసింది పారబొయ్యలేక తాగేవాళ్ళూ ఉన్నారు. డబ్బు ఆదా అవుతుందన్న లెక్క కూడా నమ్మకండి, సామాను ఖర్చూ, శనివారం మధ్యాహ్నమూ కలుపుకుంటే షాపులో బీరే చవక.

చట్టం సంగతి. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయాక ఇంట్లో వైన్‌కి వీలు దొరికింది గానీ బీరుకి దొరకలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అది మారింది: ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి వంద గాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉంటే రెండొందలు, పన్ను లేకుండా కాచుకోవచ్చు. రాష్ట్రాలు ఒక్కొక్కటీ ఒప్పుకుంటూ వచ్చాయి, చివరగా మిసిసిపి, అలబామా 2013లో కదిలాయి. అమ్మడం మాత్రం కుదరదు, పార్టీలో డబ్బులు వసూలు చేసి పోసినా అమ్మినట్టే లెక్క వేయొచ్చు, వీసా మీద ఉన్నవాళ్ళు దీనితో ఆటలాడొద్దు. సారా బట్టీకి ఈ చట్టం వర్తించదు. ఈ చిన్న వెసులుబాటు చేసిన మేలు పెద్దది. అప్పట్లో దేశమంతా కలిపి వంద లోపే ఉన్న బ్రూవరీలు ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి, ఆ కొత్తవాటిలో చాలావాటికి పునాది ఇంటి పొయ్యే. కాలిఫోర్నియాలోని చికోలో 1976లో హోమ్‌బ్రూ సామాన్ల దుకాణం పెట్టిన కెన్ గ్రాస్‌మన్ 1980 కల్లా సియెర్రా నెవాడా అనే సొంత బ్రూవరీలో బీరు కాస్తున్నాడు.

మన దగ్గర కథ వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టమే ఆధారం, లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం, అది గుడుంబా అయినా, మీ వంటింట్లో నాలుగు లీటర్ల బీరయినా. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలున్నాయి, అవి లైసెన్సు తీసుకున్న వ్యాపారాలు. కాబట్టి పైన రాసింది చూసి గచ్చిబౌలి ఫ్లాట్‌లో మొదలుపెట్టకండి. ఇంటి తయారీ అనగానే అధికారులకైనా జనానికైనా కల్తీసారా చావులే గుర్తొస్తాయి, ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఆ చావుల వెనక ఎక్కువగా ఉండేది సారాలో కలిపిన పారిశ్రామిక మిథనాల్, మాల్ట్ పులియబెట్టిన బీరులో అది ప్రమాదకరమైన మోతాదులో పుట్టదు. రెండింటినీ ఒకే గాటన కట్టే చట్టాన్ని మార్చి, ఇంటికి ఏడాదికి ఇన్ని లీటర్లని పరిమితి పెట్టి, అమ్మితే శిక్ష ఉంచితే ఖజానాకి పోయేదేమీ లేదని నా అభిప్రాయం. మద్యం ఆదాయం మీద అంతగా ఆధారపడ్డ ప్రభుత్వాలు ఈ మాట వింటాయన్న ఆశ మాత్రం నాకు లేదు.