పెద్దవాళ్లు పక్కనుంటే పిల్లలు దగ్గరికి రారు

చూపు లేని బిడ్డ ఉన్న ఇంట్లో మొదటి టెన్షన్ చదువు గురించే. బెంగళూరులో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు ఆ విషయంలో కొంత ఆసరా ఉంది. జేపీ నగర్‌లో శ్రీ రమణ మహర్షి అంధుల అకాడమీ 1969 నుంచి నడుస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమైతే మామూలు స్కూళ్లు కూడా వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఆటపాటల్లో సమాన అవకాశం ఇవ్వాలని చెబుతోంది. ఆ రెండో మాటను పట్టించుకునేవాళ్లే తక్కువ.

నిజానికి నలుగురితో కలవడంలో ఈ చిక్కు ఉయ్యాల దశలోనే మొదలవుతుంది. అమ్మ గొంతు వినగానే చూపు లేని పసిబిడ్డ చాలాసార్లు కదలకుండా ఉండిపోతుంది. శ్రద్ధగా వింటోందన్నమాట. ముఖం ఇటు తిప్పలేదని, నవ్వలేదని అమ్మ మనసు చిన్నబుచ్చుకుంటుంది. అలాంటప్పుడు బిడ్డ చేతులు చూడాలి. ముఖంలో కనపడని సంబరం వేళ్లలో కనిపిస్తుంది.

కాస్త పెద్దయ్యాక అసలు కష్టం. మారతహళ్లి వైపు ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా సాయంత్రం పిల్లలు ఒక్క ఉదుటున స్లైడ్ దగ్గరికి పరుగెడతారు. ఎవరూ చెప్పి వెళ్లరు. చూపు లేని పిల్లవాడు మాత్రం ఖాళీ బెంచీతో కబుర్లు చెబుతూనే ఉంటాడు. "నేను వెళ్తున్నా రా" అనడం మిగతా పిల్లలకు నేర్పడానికి ఒక్క పూట చాలు. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని రోజూ పరీక్ష పెట్టడం మాత్రం మాన్పించాలి. అందరూ వంతులవారీగా కళ్లు మూసుకునే వీరి వీరి గుమ్మడిపండు ఆటలో అదే ప్రశ్న ఎవరినీ నొప్పించదు.

అంధుల క్రికెట్ చూడండి. బంతిలో గలగలలాడే బేరింగులుంటాయి, బౌలర్ "రెడీనా" అని అడిగాకే వేస్తాడు. 2025లో కర్ణాటక అమ్మాయి దీపిక కెప్టెన్సీలో మన మహిళలు ప్రపంచకప్ గెలిచింది ఈ ఆటలోనే. ఎవరి మీదా జాలి చూపకుండా, ఆటనే చెవికి అందేలా మార్చారు.

మనం చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. ఇంట్లో "పాపం, వాడికేం పని చెప్పకండి" అంటాం. స్కూల్లో రోజంతా ఒక ఆయాను పక్కన నిలబెడతాం. పెద్దమనిషి కాపలా ఉన్నచోటికి ఏ పిల్లలు వచ్చి గుసగుసలాడతారు? మెట్ల దగ్గరో, రోడ్డు దగ్గరో తోడు కావాలి, కాదనను. రీసెస్‌లో మాత్రం ఆయా పది అడుగులు వెనక్కి జరగాలి. పిల్లవాడి మాటకి స్నేహితుడు ముఖం మాడ్చుకుంటే ఆ సంగతి తర్వాత నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే అది వాడికి కనపడదు. ఇద్దరూ పోట్లాడుకుంటే, దెబ్బలదాకా రానంతవరకూ పోట్లాడుకోనివ్వాలి.