‘ఉన్నట్టుండి బాణాలొచ్చాయి’ అంటే చాలదు నైనా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని పాచికలతో కథ నడిపే బల్ల ఆట) ఆడించే డీఎంలందరికీ, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్లకి, ఈ మాట చెప్పాలి. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల గుంపు, అడవిలో నడుస్తా ఉంటుంది. డీఎం స్క్రీన్ వెనక నుంచి తలెత్తి ‘పొదల్లోంచి బాణాలు! మీరంతా సర్‌ప్రైజ్ అయ్యారు, ఈ రౌండ్ మీరేం చెయ్యలేరు’ అంటాడు. ఎవరి పాసివ్ పర్సెప్షన్ (పాచిక వెయ్యకుండానే ప్రమాదాన్ని గమనించే అంకె) ఎంతో చూసింది లేదు, బాణాలేసిన గాబ్లిన్లకు (చిన్న సైజు రాక్షసులు) స్టెల్త్ రోల్ (దాక్కోడానికి వేసే పాచిక) వేసింది లేదు. ఆ దెబ్బ కొట్టింది గాబ్లిన్లని ఏ ఆటగాడూ అనుకోడు. డీఎమ్మే కొట్టాడని అందరికీ తెలుసు. వచ్చే ఆదివారం ఆ టేబుల్‌కి రాని కుర్రాణ్ని తప్పుబట్టలేం.

ఐదో ఎడిషన్ 2014 నియమం పెద్ద కష్టమేం కాదు. దాక్కున్నవాళ్ల స్టెల్త్ రోల్‌ని ఎదుటి పక్షంలో ఒక్కొక్కరి పాసివ్ పర్సెప్షన్‌తో పోల్చాలి. ప్రమాదం దేన్నీ గమనించనివాడు మాత్రమే సర్‌ప్రైజ్ అవుతాడు. ఈ ‘ఒక్కొక్కరి’ అన్నది చాలామంది మర్చిపోతారు. అయిదుగురిలో ఇద్దరు సర్‌ప్రైజ్ అయ్యి ముగ్గురు తేరుకుని ఉండొచ్చు. ఇంకో పొరపాటు, మొదట మాటు వేసినవాళ్లంతా ఊరికే కొట్టే ‘సర్‌ప్రైజ్ రౌండ్’. అది 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నాటి పద్ధతి. 2014లో అట్లాంటి ప్రత్యేక రౌండ్ లేదు. ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ పాచిక అందరూ వేస్తారు. సర్‌ప్రైజ్ అయినవాడు తన మొదటి టర్న్‌లో (వంతులో) కదలలేడు, యాక్షన్ తీసుకోలేడు. ఆ టర్న్ ముగిసేదాకా రియాక్షన్ (ఎదుటివాడి వంతులో చేసే చిన్న స్పందన) కూడా ఉండదు. ముగిసిన మరుక్షణం ఉంటుంది. అంటే విజార్డ్ (మంత్రగాడు) టర్న్ దాటాక బాణం వస్తే వాడు రియాక్షన్‌గా షీల్డ్ మంత్రం వేసుకోవచ్చు. ఆ హక్కుని రౌండ్ చివరిదాకా లాక్కుంటే అన్యాయమే.

అసలు గొడవంతా స్టెల్త్ రోల్ ఎట్లా వేస్తారన్న దగ్గరుంది. లెక్క చూడండి. ఆరు గాబ్లిన్లు, ఒక్కొక్కదానికి స్టెల్త్ +6, అంటే పాచిక అంకెకి 6 కలుస్తుంది. మన క్లెరిక్‌కి (పూజారి పాత్ర) విజ్డమ్ 14, పర్సెప్షన్‌లో ప్రొఫిషియెన్సీ (శిక్షణ) ఉంది, మొదటి లెవెల్. మూల అంకె 10కి విజ్డమ్ వల్ల 2, ప్రొఫిషియెన్సీ వల్ల ఇంకో 2 కలిపితే పాసివ్ 14. అంకెలు సమానమైతే దాక్కున్నవాడిదే పైచేయి అనుకుందాం. అప్పుడు ఒక గాబ్లిన్ ఇరవై ముఖాల డైస్ (డి20) మీద 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వెయ్యాలి. అంటే 65 శాతం. ఆరింటికీ వేర్వేరుగా వేస్తే ఆరూ నెగ్గాలి, ఎందుకంటే ఒక్కటి కనబడినా క్లెరిక్ సర్‌ప్రైజ్ కాడు. ఆరూ నెగ్గే అవకాశం ఏడున్నర శాతం. గుంపు మొత్తానికి ఒకే రోల్ వేస్తే 65 శాతం. గ్రూప్ చెక్ పెట్టి ‘సగం నెగ్గితే చాలు’ అంటే సుమారు 88 శాతం. గాబ్లిన్లు అవే, పొదలు అవే, క్లెరిక్ వాడే. డీఎం ఎంచుకున్న పద్ధతి ఒక్కటే మారింది.

కాబట్టి ఏ పద్ధతి మంచిదన్న వాదనకన్నా, ముందే ఒకటి చెప్పి రెండు పక్షాలకీ అదే పెట్టడం ముఖ్యం. చాలా టేబుళ్లలో జరిగేదేమంటే, గాబ్లిన్లకి ఒకే రోల్, ఆటగాళ్లు మాటు వేసినప్పుడు తలా ఒక రోల్. ప్లేట్ కవచం వేసుకున్న పాలడిన్‌కి (పవిత్ర యోధుడు) స్టెల్త్‌లో డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) వల్ల ఏమీ కలవకపోతే పాసివ్ 9 ఉన్న గాబ్లిన్ కంట పడకుండా ఉండే అవకాశం 36 శాతం. వాడొక్కడు దొరికితే నలుగురి పథకం గోవిందా. నా ఓటు గ్రూప్ చెక్‌కి. పాలడిన్‌ని మిగతావాళ్లు చెయ్యి పట్టుకుని నడిపించారని అర్థం చేసుకోవచ్చు. గాబ్లిన్లకీ అదే ఇవ్వండి. 88 శాతం ఎక్కువనిపిస్తే రెండు పక్షాలకీ ఒకే రోల్‌కి మారండి, అంతే. సమానమైనప్పుడు ఎవరు నెగ్గుతారన్నది కూడా మొదటి రోజే తేల్చుకోండి. బాణం గాల్లో ఉండగా తేల్చే విషయం కాదది.

పదడుగులకోసారి ‘మళ్లీ స్టెల్త్ వెయ్యి’ అనే అలవాటు ఇంకా దారుణం. 70 శాతం అవకాశం ఉన్న రోగ్ (చాటుమాటు పనుల నిపుణుడు) చేత నాలుగుసార్లు వేయిస్తే మిగిలేది 24 శాతం. ఎంత నైపుణ్యం ఉన్నా దొరకాల్సిందే. ఒకసారి వేసిన రోల్ పరిస్థితి మారేదాకా నిలవాలి. తలుపు విరిగినా, దీపం వెలిగినా, కుక్క వచ్చినా అప్పుడు మళ్లీ.

సెషన్‌కి ముందు చెయ్యాల్సిన పని పది నిమిషాలది. ఒక అట్టముక్క మీద అందరి పాసివ్ పర్సెప్షన్, డార్క్‌విజన్ (చీకట్లో చూసే చూపు) ఉందా లేదా, 2014 అలర్ట్ ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యం) లాగా సర్‌ప్రైజ్‌ని అడ్డుకునేవి ఏమైనా ఉన్నాయా అని రాసుకోండి. లెవెల్ పెరిగినప్పుడల్లా దిద్దండి. ఆటగాడు ఒక ఫీట్ ఖర్చుపెట్టి ‘నన్ను ఎవరూ ఏమరుపాటున పట్టుకోలేరు’ అని కొనుక్కున్నాడు, దాన్ని మర్చిపోతే వాడి జేబులోంచి తీసుకున్నట్టే. ప్రయాణం మొదలైన ప్రతిసారీ వరుస అడగండి. ముందెవరు, వెనకెవరు, మ్యాప్ గీసేదెవరు, దారి చూసేదెవరు? మాటు ఉన్న రోజు మాత్రమే అడిగితే ఆ ప్రశ్నే చాటింపు అయిపోతుంది. మ్యాప్ గీసేవాడు, మూలికలు ఏరేవాడు, జాడ పట్టేవాడు ఆ పనిలో ఉన్నంతసేపు వాళ్ల పాసివ్ లెక్కలోకి రాదు. వేగంగా నడిస్తే రోజుకి 24 మైళ్ల బదులు 30 మైళ్లు పోవచ్చు గానీ పాసివ్‌లో 5 తగ్గుతుంది. మసక వెలుతురులో కంటితో చూసేదానికీ 5 పోతుంది. రెండింటినీ కలపాలా వద్దా అని వాదన వస్తుంది, నేనైతే కలపను, ఒక్క 5 చాలు. డార్క్‌విజన్ ఉన్నవాడికీ చీకటి మసకలాగే కనిపిస్తుంది, వాడికీ ఆ కోత తప్పదు. ఇవన్నీ ఆటగాళ్లకి ముందే తెలియాలి. తెలిసి ఎంచుకున్న తొందరకి దెబ్బ తగిలితే ఎవరూ అలగరు.

సూచన గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పాసివ్ ఓడినా సరే, దాడికి ముందు టేబుల్ మీద ఒక్క సంగతైనా పడాలి. శేషాచలం అంచున పుట్టిపెరిగిన మనకి ఇది ఎవరో నేర్పాలా? చిరుత కదిలితే కొండముచ్చులు చెట్ల మీద నుంచి కేకలేస్తాయి. అప్పటిదాకా కూస్తున్న పిట్టలు ఆగిపోతాయి. ఎర్రచందనం దొంగలు మాటేసిన చోట తాజాగా నరికిన ఎర్రటి చెక్కపొట్టు దారి పక్కన పడి ఉండొచ్చు. భాకరాపేట ఘాట్ లాంటి మలుపు అయితే పైనుంచి ఒక చిన్న రాయి దొర్లి రావొచ్చు. వర్ణనలో మామూలుగా కలిపి చెప్పండి, గొంతు మార్చొద్దు. పాసివ్ నెగ్గినవాడికి ‘ఎడమవైపు బండ వెనక, అరవై అడుగుల దూరంలో’ అని చోటు చెప్పండి. ఓడినవాళ్లకి కేక మాత్రమే. ఎవరైనా ఆగి ‘నేను చెట్లవైపు చూస్తా’ అంటే అప్పుడు పర్సెప్షన్ రోల్ వేయించి, గాబ్లిన్లకి ముందే వేసిన అదే స్టెల్త్ అంకెతో పోల్చండి. పట్టించుకోకుండా నడిచారా, దెబ్బ వాళ్లు సంపాదించుకున్నదే.

‘అందరూ పర్సెప్షన్ వెయ్యండి’ అని హఠాత్తుగా అడగొద్దు. ఓడినా సరే, కత్తులు తీసేస్తారు. పాసివ్ ఉన్నదే అందుకు.

ఇక మొదటి లెవెల్ పార్టీ సంగతి. సర్‌ప్రైజ్ అయిన విజార్డ్‌కి 8 హిట్ పాయింట్లు (ప్రాణబలం), ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి అందుకోవాల్సిన అంకె) 12. గాబ్లిన్ బాణానికి +4, తగిలితే సగటున 5 పాయింట్లు పోతాయి. ఆరూ వాడి మీదే గురిపెడితే దాదాపు నాలుగు తగులుతాయి. రెండు బాణాలకే పడిపోతాడు, ఆ తర్వాత తగిలే ఒక్కోటి ఒక్కో డెత్ సేవ్ (చావు తప్పించుకునే రోల్) వైఫల్యం. పైగా ఇనిషియేటివ్‌లో గాబ్లిన్లు ముందుంటే, వాడి టర్న్ ఖాళీగా పోయి రెండో రౌండ్‌లో మళ్లీ వాటిదే వంతు. ఒక్క పని చెయ్యకముందే రెండు విడతల బాణాలు! పార్టీ మొత్తం సర్‌ప్రైజ్ అయితే ఎన్‌కౌంటర్ (ఆ పోరు) కష్టాన్ని ఒక మెట్టు పెంచి లెక్కగట్టమని 2014 డీఎం నియమాలే చెబుతాయి. అంటే మీడియం అనుకున్నది హార్డ్. ఆ లెక్కన ఆరుకి బదులు నాలుగు పెట్టండి, గురి పంచండి.

నాలుగో లెవెల్ దాకా 2024లో సవరించిన నియమాల పద్ధతి వాడమనే నా సలహా. అందులో టర్న్ పోదు, సర్‌ప్రైజ్ అయినవాడు ఇనిషియేటివ్ డిసడ్వాంటేజ్‌తో వేస్తాడు. డి20 సగటు 10.5 కాస్తా 7.2కి దిగుతుంది. దెబ్బ తగులుతుంది గానీ కుర్రాడు పావుగంట చేతులు కట్టుకుని కూర్చోడు. ఐతే అసాసిన్ (హంతకుడి తరహా) రోగ్ ఆడేవాడు ఉంటే ముందు వాడితో మాట్లాడండి. 2014 అసాసిన్‌కి సర్‌ప్రైజ్ అయినవాడి మీద తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ (నష్టం పాచికలు రెట్టింపు), వాడి ఆట మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఆ బలం ఏ నియమం కింద పనిచేస్తుందో ముందే రాసిపెట్టుకోండి.

ఆటగాళ్లకీ ఒక మాట. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుతూ ‘నేను పొడిచేస్తా, వాడు సర్‌ప్రైజ్!’ అని అరిస్తే కుదరదు సామీ. వాడు మిమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. ఇనిషియేటివ్ వెయ్యండి. వాడు ముందొస్తే, చెయ్యి ఒర మీదకి పోవడం చూశాడని అర్థం. అట్లాగే డీఎం కూడా ‘మా బాస్‌ని ఎవరూ సర్‌ప్రైజ్ చెయ్యలేరు’ అని శాసనం వెయ్యొద్దు. కావాలంటే వాడి గుమ్మానికి గంటలు కట్టండి, రెండు కుక్కల్ని పెట్టండి. ముందురోజు వేగుకి పోయిన రోగ్‌కి ఆ కుక్కలు కనబడాలి, మాంసం ముక్క పట్టుకెళ్లే దారి ఉండాలి.

చివరికి మిగిలేది నమ్మకం. స్క్రీన్ వెనక రోల్ వేసి ‘18 పడింది’ అంటే సగంమంది నమ్మరు. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. గాబ్లిన్లు ఎక్కడో తేలకముందే, ప్రయాణం మొదట్లోనే, అందరి ముందూ డి20 వేసి చూడకుండా స్టీల్ గ్లాసు బోర్లించండి. మాటు లేని ప్రయాణాల్లో కూడా వెయ్యండి, లేకపోతే గ్లాసే గుట్టు విప్పుతుంది. బాణాలు రాబోయే క్షణాన, లేదా ఎవరైనా ఆగి వెతికిన క్షణాన, ఎదురుగా కూర్చున్న ఆటగాడి చేతే ఆ గ్లాసు ఎత్తించండి.