సవరణ: 1957 బెల్ ఎయిర్ ఇంజిన్ నంబర్ సంగతి

పాత షెవర్లే బెల్ ఎయిర్ కొనే ముందు ఏం చూసుకోవాలో చెబుతూ, "ఇంజిన్ మీది నంబర్, బండి సీరియల్ నంబర్ ఒకటేనా చూడండి, తేడా ఉంటే ఇంజిన్ మార్చినట్టే" అని రాశాను. అది తప్పు. తర్వాతి కాలపు బండ్ల లెక్కను దీనికి అంటగట్టాను.

1957 బండిలో సీరియల్ నంబర్‌ను ఇంజిన్ మీద కొట్టలేదు. వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ అయితే కుడివైపు సిలిండర్ హెడ్‌కు ముందు, బ్లాక్ (ఇంజిన్ ప్రధాన భాగం) మీద కనిపించే ముద్రలో ఫ్యాక్టరీ అక్షరం, నెల, రోజు, ఇంజిన్ రకం కోడ్ మాత్రమే ఉంటాయి. కాబట్టి "నంబర్లు కలిశాయి" అని ఎవరైనా ధర పెంచితే నమ్మకండి.

చూడాల్సింది డ్రైవర్ వైపు డోర్ పిల్లర్ మీది సీరియల్ నంబర్ ప్లేటు. వీసీ57 అని మొదలైతే ఫ్యాక్టరీలోనే వీ8 పెట్టిన బెల్ ఎయిర్. ముందు వీ లేకుండా సీ57 అని ఉంటే అది ఆరు సిలిండర్ల బండి. ఇప్పుడు బానెట్ కింద వీ8 ఉందంటే తర్వాత ఎవరో పెట్టిందే.

బ్లాక్ వెనకాల పోత తేదీ కూడా ఉంటుంది. సీ 15 7 అంటే మార్చి 15, 57 (ఇక్కడ సీ అంటే మూడో అక్షరం, మూడో నెల). చిక్కేంటంటే 67 బ్లాక్ మీద కూడా అదే 7 ఉంటుంది! అందుకే టార్చి వేసి బ్లాక్ మీది కాస్టింగ్ నంబర్ (పోతలోనే వచ్చే, బ్లాక్ ఏ రకమో చెప్పే నంబర్) కూడా చదవండి.