పేకాట యాప్‌లు మూతపడితే వీడియో గేముల పరిశ్రమ చచ్చిపోయినట్టా?

ఒంగోలులోని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకే సందేశం ఈ నెలలో నాలుగుసార్లు వచ్చింది. ఆటలు ఆడేవాళ్లు మన దగ్గరే ఎక్కువ కనుక గేమింగ్‌లో మనం ఇప్పటికే ప్రపంచ శక్తులమట. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో కేంద్రం ఆ పరిశ్రమ గొంతు నులిమిందట. విదేశీ గేములను నిషేధిస్తే మనవి వాటంతటవే లేచి నిలబడతాయట. పిల్లలను ఆరు నెలల కోర్సులో చేర్పిస్తే నెలకు లక్ష జీతమట. చదరంగం పుట్టిన దేశం కాబట్టి వీడియో గేములు మన రక్తంలోనే ఉన్నాయన్న వాక్యం కూడా ఒకటి ఉంది. దానికి జవాబు అక్కరలేదు. మిగిలినవాటికి మాత్రం, నాలుగవసారి పంపిన మా బావగారి మీద గౌరవంతోనే, వివరంగా జవాబు చెప్పదలచుకున్నాను.

మొబైల్ గేముల డౌన్‌లోడ్లలో మనం ముందువరుసలో ఉన్నమాట నిజమే. అయితే డౌన్‌లోడ్ వేరు, డబ్బు వేరు. మొన్న చీమకుర్తి బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రవాడు ఫోనులో లూడో ఆడుతున్నాడు. మధ్యలో ప్రకటన రాగానే అతని బొటనవేలు తెర పైమూలకు వెళ్లి, ఇంటూ గుర్తు కోసం అక్కడే కాచుకుని ఉంది. అది కనబడగానే నొక్కి, మళ్లీ పాచిక వేశాడు. ఆ ప్రకటన ఏమిటో అతను చూడనేలేదు. అలాంటి ప్రకటనలకు రాలే పైసలే మన గేముల్లో చాలావాటికి ఆధారం. ఎవరైనా దయతలచి ఏదైనా కొన్నా, గూగుల్ ప్లే స్టోర్ ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల రాబడి మీద సాధారణంగా 15 శాతం, ఆపైన 30 శాతం తన వాటాగా తీసుకుంటుంది. బెంగళూరు, పుణె, హైదరాబాదు స్టూడియోలలో ఎక్కువ భాగం చేసేది విదేశీ గేములకు బొమ్మలు గీయడం, పరీక్షించడం వంటి పని. జీతాలు ఇక్కడికి వస్తాయి, గేము హక్కులు అక్కడే ఉంటాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటును కోసి మెరుగుపెట్టకుండా ముడి బ్లాకులుగానే ఓడ ఎక్కించినప్పుడు లాభం ఎక్కడ మిగులుతుందో ప్రకాశం జిల్లావాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

నా కోపమంతా చట్టం పరిశ్రమ గొంతు నులిమిందన్న రెండవ మాట మీద. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించి, 22న రాష్ట్రపతి సంతకం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పందెం కట్టి ఆడే ఆటలను. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదనను పక్కనపెట్టి, డబ్బు కట్టి డబ్బు గెలవాలని ఆశపడే ఆట ఏదైనా కూడదన్నది; అలాంటివి నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేముల పోటీలను, గుర్తించింది, పందెం లేని గేములను ప్రోత్సహించాలన్నది. మన ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను 2020 సెప్టెంబరులోనే నిషేధించింది. 2023 అక్టోబరు 1 నుంచి కట్టిన సొమ్ము మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేసింది కూడా పందెం ఆటల మీదే. మామూలు గేములకు 18 శాతమే కొనసాగింది. ఇన్నిసార్లు ప్రభుత్వాలే గీత గీసి చూపించిన తరువాత కూడా రెండింటినీ ఒకే గాటన కట్టడం తెలియక చేసే పని అని నేను అనుకోలేకపోతున్నాను. మా వీధిలో ఒక కుర్రవాడు రమ్మీలో పోయినదాన్ని రమ్మీలోనే రాబట్టాలని తల్లి గాజులు తాకట్టు పెట్టాడు. ఆమె ఇప్పటికీ చేతులకు మట్టిగాజులే వేసుకుంటున్నది. ఆ యాప్‌ను పరిశ్రమ అని, దాన్ని ఆపడాన్ని పరిశ్రమ హత్య అని ఆమె ముందు నిలబడి చదవగలిగినవాళ్లే ఈ సందేశాన్ని ఇంకొకరికి పంపండి.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. నిషేధం వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కంపెనీలలో పనిచేసే చిత్రకారుల గురించి, ప్రోగ్రామర్ల గురించి మాత్రం ఆలోచించలేదు. నిజమైన స్టూడియోలు ఇవ్వలేని జీతాలు వాళ్లకు అక్కడ దొరికాయి, రాత్రికి రాత్రి ఆ ఉద్యోగాలు పోయాయి. పెట్టుబడిదారుల డబ్బులో పెద్ద వాటా కూడా పందెం యాప్‌లకే వెళ్లేది. ఆ డబ్బు ఇప్పుడు గేములవైపు దానంతటది వస్తుందన్న భరోసా ఏమీ లేదు. ఈ సందేశం రాసినవారు ఆ ఒక్క బాధ రాసి ఉంటే నేనే పదిమందికి పంపేవాడిని.

విదేశీ గేములను నిషేధిస్తే చాలనేవారు ఐదేళ్ల చరిత్రను ఒకసారి తిరగేయాలి. పబ్‌జీ మొబైల్ అనే తుపాకుల పోరు గేమును 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. 2021 జూలైలో పబ్‌జీ సొంతదారైన కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్నే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగి తెచ్చింది. 2022 జూలైలో దాన్నీ ఆపారు, 2023 మేలో మళ్లీ అనుమతించారు. ఖాళీ దొరికింది కదా, ఆ ఖాళీని మనం నింపగలిగామా? పుణె స్టూడియో ఒకటి అలాంటి గేమునే, ఇండస్‌ను, 2022లో ప్రకటించి 2024 అక్టోబరులో విడుదల చేయగలిగింది. గేముకు ఏళ్లు పడతాయి, ఆ ఏళ్లన్నీ జీతాలు ఇచ్చే డబ్బు కావాలి. పుణెలోనే తయారై 2020లో వచ్చిన రాజీ అనే గేముకు 2017లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో అనుకున్నంత సొమ్ము రాలేదు; ఆదుకున్నవాటిలో ఒకటి అమెరికాలోని ఎపిక్ కంపెనీ ఇచ్చిన గ్రాంటు. పోలండు తన గేము స్టూడియోల పరిశోధనకు 2016లో గేమిన్ అనే ప్రభుత్వ పథకమే పెట్టింది. మన కేంద్రం 2022 బడ్జెట్‌లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది, ఆ రంగాల కోసం ముంబైలో ఒక సంస్థ పెట్టింది, మంచిదే. నెల్లూరులోనో కందుకూరులోనో ముగ్గురు కుర్రవాళ్లు గేము నమూనా తయారుచేసుకునే ఏడాదిన్నరకు ఇంటి అద్దె, కంప్యూటరు ఖర్చు భరించే చిన్న గ్రాంటు వాళ్లకు ఇవ్వాలన్నది నా కోరిక. నిషేధంతో ఆ ఖర్చు తీరదు.

ఇక కోర్సు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు (ఇంజన్లు అంటారు), ఆ పని నేర్పే పాఠాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఉద్యోగం ఇచ్చేవారు సర్టిఫికెట్టు కంటే ముందు అడిగేది అభ్యర్థి చేసిన గేమునే. బావగారూ, మన చిన్నవాడిని చేర్పించేముందు ఆ పాఠం చెప్పే మాస్టారు పూర్తిచేసి విడుదల చేసిన గేము ఏదో అడగండి, దాన్ని ఫోనులో పెట్టించుకుని ఒక గంట ఆడి చూడండి, ఫీజు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.